ట్యాబ్ పైకి, ముక్కు కిందికి

మా షెడ్డులో ఉన్న విమానానికి ఎలక్ట్రిక్ ఎలివేటర్ ట్రిమ్ బిగించడం పూర్తయింది. ఎలివేటర్ అంటే తోక మీద పైకీ కిందికీ ఆడుతూ ముక్కుని లేపే, దించే రేకు, ట్రిమ్ అంటే పైలట్ చేతికి శ్రమ లేకుండా దాన్ని ఒక చోట నిలబెట్టే ఏర్పాటు. నాలుగు ఆదివారాల పని అనుకున్నది పదకొండు ఆదివారాలు పట్టింది. మోటారు కదలడానికి ఒక్క ఆదివారం చాలింది, మిగతా పదీ అది ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి, వదులు లేకుండా ఎలా నిలవాలి అనే వాటికే పోయాయి. ఇలాంటి పని మొదలుపెట్టే ఇంకొకరికి తెలుగులో చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని వివరంగా రాసి పెడుతున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. కావలి నుంచి సముద్రం వైపు వెళ్తే రొయ్యల గుంటల మధ్యలో మా బాబాయ్ వాళ్ల పాత షెడ్డు ఉంది, ఒకప్పుడు మేత బస్తాలు వేసుకునేవాళ్లు. అందులో జెనిత్ సీహెచ్ 701 అనే రెండు సీట్ల విమానం కడుతున్నాం. క్రిస్ హైంట్జ్ అనే ఇంజినీరు 1980లలో, ఇంట్లో కట్టుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసిన డిజైన్ అది. 6061-టీ6 రకం అల్యూమినియం రేకు, దాదాపు అంతా ఒక వైపు నుంచే బిగించే బ్లైండ్ రివెట్లే. ఇంకా ఎగరలేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతులన్నీ వచ్చేదాకా చక్రం నేల వదిలేది లేదు. 2022 డిసెంబర్‌లో కొరిశపాడు దగ్గర హైవే మీద వైమానిక దళం ట్రయల్ రన్ చేసినప్పటి నుంచి ఊళ్లో కనపడిన ప్రతివాళ్లూ మీదీ రోడ్డు మీదే దించుతారా అని అడుగుతున్నారు. దించేది రోడ్డు మీద కాదు, దానికి ఇంకా చాలా టైం ఉంది.

ట్రిమ్ విలువ నాకు భుజం నొప్పితో తెలిసింది. బెంగళూరు జక్కూరులో మైక్రోలైట్ అనే తేలికపాటి చిన్న విమానం నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున ఇన్‌స్ట్రక్టర్ గారు నన్ను లెవెల్‌గా పోనివ్వమని, ట్రిమ్ లీవర్‌ని కావాలనే ముందుకు తోసేసి, ఐదు నిమిషాలు ఎత్తు తగ్గకుండా పట్టుకో చూద్దాం అన్నారు. మొదటి నిమిషం ఏమీ అనిపించలేదు. రెండో నిమిషానికి మోచెయ్యి లాగింది, మూడో నిమిషానికి భుజం పట్టేసింది, నాలుగో నిమిషంలో నేను మీటర్లు కూడా చూడటం లేదు, ధ్యాసంతా ఆ చెయ్యి మీదే ఉంది. అప్పుడాయన లీవర్ మెల్లగా వెనక్కి లాగారు. చేతిలో స్టిక్, అంటే విమానాన్ని నడిపే కర్ర, బరువు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒక చోట అసలు లేకుండా పోయింది. వేళ్లు తీసేశాను, విమానం దాని మానాన అది నిమ్మళంగా పోతోంది. ట్రిమ్ చేసే పని అంతే. మీరు స్టిక్‌ని ఎక్కడ పట్టుకోవాలనుకుంటున్నారో అక్కడ మీ బదులు అది పట్టుకుంటుంది. అదీ ఒక వేగానికే. పవర్ తగ్గించినా, రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ దించినా మళ్లీ సర్దుకోవాల్సిందే.

ఎలివేటర్ వెనక అంచున బీరువా తలుపుకి ఉండే పొడవాటి బందు లాంటి పియానో హింజ్‌తో ఒక చిన్న రేకు వేలాడుతూ ఉంటుంది, అదే ట్యాబ్. చిన్నదే అయినా ఎలివేటర్ బందుకి బాగా దూరంగా ఉంటుంది కాబట్టి దాని మీద పడే కొద్దిపాటి గాలి కూడా ఎలివేటర్‌ని గట్టిగానే తిప్పగలదు. చిన్న రేకుతో పెద్ద రేకుని కదిలించడం అనే ఈ ఉపాయాన్ని జర్మన్ ఇంజినీర్ యాంటన్ ఫ్లెట్నర్ బాగా వాడకంలోకి తెచ్చాడు, అందుకే కొన్ని రకాల ట్యాబ్‌లకి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ట్యాబ్ కిందికి వంగితే గాలి దాన్ని పైకి నెడుతుంది, దాంతో ఎలివేటర్ వెనక అంచు పైకి లేస్తుంది, తోక దిగుతుంది, ముక్కు లేస్తుంది. ఈ ఒక్క వాక్యం దయచేసి ఇంకోసారి చదవండి. పుస్తకంలో ఎన్నోసార్లు చదివి కూడా, పని దగ్గరికి వచ్చేసరికి నేను దీన్ని మర్చిపోయాను. ఎలా మర్చిపోయానో కింద చెబుతాను.

ముందు సామాను సంగతి. కేబుల్, లీవర్‌తో కూడా ట్రిమ్ చేసుకోవచ్చు, చాలా మంది చేసుకుంటారు. నేను ఎలక్ట్రిక్ ఎంచుకున్నది తోక గొట్టంలో ఇంకో కేబుల్, ఇంకో రెండు కప్పీలు పెట్టడం ఇష్టం లేక. ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్లు ఎక్కువగా వాడేది రే అలెన్ కంపెనీ సర్వోలు, అంటే రాడ్‌ని జరిపే మోటారు పెట్టెలు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి, వాటి రాడ్ కదిలే దూరాన్ని బట్టి 0.7, 1.0, 1.2 అంగుళాల రకాలు దొరుకుతాయి. నాది 0.7ది. లోపల చిన్న మోటారు ఒక మరని తిప్పుతుంది, మర తిరిగితే రాడ్ ముందుకో వెనక్కో జరుగుతుంది. కరెంటు పోయినా రాడ్ ఉన్నచోటే ఉంటుంది, ట్యాబ్‌ని చేత్తో నెట్టి మరని వెనక్కి తిప్పలేం, ఇది మంచి సంగతి. ఐదు సన్నటి వైర్లు వస్తాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం మూడూ రాడ్ ఎక్కడుందో ప్యానెల్ మీద లైట్లకి చెప్పడానికి. మోటారుకి రెండు వైర్లు, రెండూ తెల్లవే. ప్లస్ ఏదో మైనస్ ఏదో రాసి ఉండదు, ఎటు ఇస్తే అటు తిరుగుతుంది.

వైరు కోసం పినాకిని రైలెక్కి, ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను. ఇంటి వైరింగ్‌కి వాడే పీవీసీ వైరు వద్దు, కాలితే ఆ పొగ కాక్‌పిట్‌లో ఊపిరి ఆడనివ్వదు. టెఫ్‌జెల్ అనే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ తొడుగున్న, లోపల తగరం పూత ఉన్న సన్న తీగలది కావాలి. మా వైపు ఉప్పు గాలికి మామూలు రాగి తీగ రెండు వానాకాలాల్లో పచ్చబడుతుంది, గుంటల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల పెట్టెలు తెరిచి చూసినవాళ్లకి ఎవరికైనా తెలుసు. ఎలివేటర్ బందు దగ్గర వైరు రోజూ వంగుతుంది కాబట్టి అక్కడ సోల్డర్ జాయింటు పెట్టకూడదు, సోల్డర్ పాకిన చోట తీగ గట్టిపడి సరిగ్గా దాని అంచునే తెగుతుంది. ఒక లూపు వదిలి, జాయింటు దూరంగా, కదలని చోట క్రింప్ చేశాను, అంటే చిన్న గొట్టంలో పెట్టి నొక్కి బిగించాను.

ఇప్పుడు హార్న్ గురించి, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది. ట్యాబ్‌కి కింద రివెట్ చేసిన చిన్న చెవి లాంటి ముక్కని హార్న్ అంటారు, సర్వో నుంచి వచ్చే పుష్ రాడ్ దాని రంధ్రానికి తగులుకుంటుంది. 0.7 అంగుళాల మొత్తం కదలిక అంటే మధ్య నుంచి అటు 0.35, ఇటు 0.35. హార్న్ రంధ్రం హింజ్ నుంచి 1 అంగుళం దూరంలో ఉంటే ట్యాబ్ ఒక్కో వైపు 20 డిగ్రీల దాకా తిరుగుతుంది. అదే రంధ్రాన్ని 1.25 అంగుళాలకి జరిపితే 16 డిగ్రీలే. పావు అంగుళం తేడా! నేను దూరంగా ఉన్న రంధ్రం వైపే మొగ్గాను. ఎందుకంటే ట్రిమ్ ఎంత బలంగా ఉంటే అది చెడిపోయిన రోజు అంత బలంగా మన మీదకే వస్తుంది. పైగా హార్న్ పొడవైతే పిన్ను దగ్గర ఎంత వదులున్నా ట్యాబ్ అంచు దగ్గర అది తక్కువగా కనపడుతుంది. కోణాలు కొలవడానికి ఫోన్లో లెవెల్ యాప్ సరిపోయింది, ముందు ఎలివేటర్ మీద పెట్టి సున్నా చేసుకుని తర్వాత ట్యాబ్ మీద పెట్టాలి.

వదులు విషయం దగ్గర మూడు ఆదివారాలు ఆగిపోయాను. అన్నీ బిగించాక ఎలివేటర్‌ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, ట్యాబ్ వెనక అంచుని రెండు వేళ్ల మధ్య పెట్టి పైకీ కిందికీ ఆడించాను. చెవికి ఏమీ వినపడలేదు కానీ వేళ్లకి తెలిసింది. చిన్న టిక్. మళ్లీ టిక్. సైకిల్ పెడల్ కాటర్ పిన్ను అరిగినప్పుడు కాలికి తెలుస్తుంది చూడండి, అలాంటిది. డయల్ గేజ్ పెడితే అంచు దగ్గర మిల్లీమీటరున్నర. హార్న్ రంధ్రం నేను హ్యాండ్ డ్రిల్‌తో వేసింది, బిట్ కొద్దిగా ఊగి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. పిన్ను కొత్తదే, పుష్ రాడ్ కొత్తదే, తప్పంతా ఆ రంధ్రానిది.

మిల్లీమీటరున్నరకి ఇంత కంగారెందుకు అని బాబాయ్ అడిగాడు. నేను రెనో సంగతి చెప్పాను. 2011 సెప్టెంబర్ 16న అమెరికాలో రెనో ఎయిర్ రేసుల్లో గ్యాలపింగ్ ఘోస్ట్ అనే పీ-51 మస్టాంగ్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానం) ప్రేక్షకుల దగ్గర కూలి 11 మంది చనిపోయారు. అక్కడి దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది ఏంటంటే ఎలివేటర్ ట్రిమ్ ట్యాబ్ స్క్రూలకి ఉన్న లాక్ నట్లు పాతవి, ఒకసారి వాడినవే మళ్లీ వాడారు, పట్టు పోయి బిగింపు తగ్గింది, ఆ వేగంలో ట్యాబ్ గాలిలో కొట్టుకోవడం మొదలైంది. దాన్నే ఫ్లటర్ అంటారు. అది రేసు విమానం, మాది దానిలో నాలుగో వంతు వేగం కూడా పోదు, పోలిక ఆ వేగం వరకే. కానీ వదులైన రేకుకి గాలి తగిలితే ఏమవుతుందో తుపాను రాత్రి మా షెడ్డు పైరేకు చప్పుడు విన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. బాబాయ్ ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు తనే నెల్లూరులో తెలిసిన లేత్ షాపు నుంచి, రంధ్రాన్ని సరైన సైజుకి నున్నగా చేసే రీమర్ అడిగి తెచ్చాడు. కొత్త హార్న్ కోసి, రంధ్రం ముందు చిన్నదిగా వేసి, రీమర్‌తో చేత్తో తిప్పుతూ పిన్ను సైజుకి తెచ్చాం. ఇప్పుడు అర మిల్లీమీటరు లోపే ఉంది, అందులో కొంత సర్వో లోపలి మరది. లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్లు ఒకసారి విప్పితే డబ్బాలో వేసేస్తున్నాను, మళ్లీ విమానం మీదకి రావు. ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే నట్లు బోల్టులు నీటి మోటార్లకి బ్రహ్మాండంగా పనికొస్తాయి, కానీ గ్రేడ్ గుర్తు లేని బోల్టు కంట్రోల్స్‌లో పెట్టకండి. విమానాల కోసమే చేసే ఏఎన్ బోల్టులు తెప్పించుకోండి, ఖరీదైనా సరే, నెల ఆగాల్సి వచ్చినా సరే.

ఇక ఎటు తిరగాలి అనే దానికి వస్తాను. దీని కోసమే ఇంత రాస్తున్నాను.

మొదట స్విచ్‌ని ప్యానెల్ మీద నిలువుగా పెట్టాను. మోటారుకి కరెంటు అటూ ఇటూ తిప్పి ఇచ్చే డీపీడీటీ స్విచ్, మధ్యలో ఆఫ్, వేలు తీస్తే దానంతటదే మధ్యకి వచ్చేస్తుంది. పైన పైకి అని, కింద కిందికి అని కాగితం ముక్కలు అంటించాను. నేను సీట్లో కూర్చున్నాను, బాబాయ్ తోక దగ్గర నిలబడ్డాడు.

"పైకి నొక్కుతున్నా బాబాయ్, ట్యాబ్ ఎటు పోతావుందో చెప్పు."

"కిందికి దిగతావుంది అబ్బయా. ఫేజ్ తిరగబడింది. ఏరియేటర్‌కి మార్చినట్టే ఆ రెండు తెల్ల వైర్లు తిప్పి పెట్టు, అయిపోద్ది."

బాబాయ్ ముప్పై ఏళ్లుగా గుంటల మీద మోటార్లు చూస్తున్న మనిషి. ఫ్యాను రెక్కలు ఉల్టా తిరిగితే రెండు ఫేజులు మార్చి కట్టడం ఆయనకి కళ్లు మూసుకుని చేసే పని. నేనూ తలూపి రెండు తెల్ల వైర్లు మార్చేశాను. స్విచ్ పైకి నొక్కితే ట్యాబ్ పైకి వెళ్లింది. లైట్లు కూడా పైకే వెళ్లాయి. కిందికి నొక్కితే అన్నీ కిందికే. ఎంత బాగుందో, అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఇద్దరం టీ తాగి ఇంటికి వెళ్లిపోయాం. వైర్లు మార్చక ముందే అది కరెక్టుగా ఉంది. కరెక్టుగా ఉన్నదాన్ని నా చేత్తో నేనే తప్పు చేశాను.

దాన్ని బయట పెట్టింది మా పెద్దోడు, ఎనిమిదో తరగతి. వారం తర్వాత వాడికి ట్రిమ్ ఎలా పని చేస్తుందో చూపిద్దామని ఇంట్లో పాత శుభలేఖ అట్ట ఒకటి తీసుకున్నాను. ముందు అంచుకి సన్నటి స్ట్రా అంటించి, అందులో సైకిల్ పుల్ల దూర్చి, అది తలుపులా ఆడేటట్టు చేశాం. వెనక అంచున వేలెడు వెడల్పు మడత పెట్టాం, అదే ట్యాబ్. పుల్లని రెండు చేతులతో పట్టుకుని టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టాడు. మడత కిందికి వంచితే అట్ట వెనక అంచు టపటపలాడుతూ పైకి లేచి నిలబడింది. మడత పైకి వంచితే అట్ట కిందికి వేలాడింది. ఫ్యాన్ స్పీడు పెంచితే ఇంకా గట్టిగా దిగింది. వాడు అట్ట వంక చూసి, నా వంక చూసి, "మరి షెడ్డులో దానికి పైకి నొక్కితే ముక్కు కిందికి పోద్ది కదా నాన్నా" అన్నాడు.

నాకు ఒళ్లు చల్లబడింది. స్విచ్ మీద నేను రాసింది ట్యాబ్ గురించి, గాలిలో చెయ్యి ఆ స్విచ్ మీద పెట్టే మనిషి ఆలోచించేది ముక్కు గురించి. ల్యాండింగ్‌కి వస్తూ ముక్కు బరువుగా ఉందని పైకి నొక్కితే అది ఇంకా బరువెక్కుతుంది, ఇంకాస్త నొక్కితే ఇంకా. నేల దగ్గర అది అర్థం చేసుకునే టైం ఉండదు. లైట్లు కూడా తప్పునే చూపిస్తాయి కాబట్టి అనుమానం కూడా రాదు.

ఆ రాత్రే షెడ్డుకి వెళ్లి ఫ్యూజు తీసేశాను, ఎవరూ ముట్టుకోకుండా. తర్వాతి ఆదివారం ప్యానెల్ మీది స్విచ్ పీకేసి, సీట్ల మధ్య స్టిక్‌కి దగ్గరగా చదునుగా ఉన్న ప్లేటు మీద పెట్టాను, స్టిక్ లాగే ముందుకీ వెనక్కీ కదిలేటట్టు. ముందుకి తోస్తే ముక్కు కిందికి, వెనక్కి లాగితే ముక్కు పైకి. పైకి, కిందికి అన్న కాగితాలు చించేసి రెండు వైపులా ముక్కు అనే మాట వచ్చేలా కొత్తవి రాశాను. తెల్ల వైర్లు మొదట ఉన్నట్టే మార్చి, లైట్లకి వెళ్లే వైర్లు కూడా సరి చేశాను, ఇప్పుడు ట్యాబ్ కిందికి దిగుతుంటే లైటు పైకి ఎక్కుతుంది. చూడ్డానికి కొత్తవాళ్లకి తప్పులా ఉంటుంది, కానీ అదే రైటు. తోక దగ్గర నిలబడేవాళ్లు ఏం చెప్పాలో కూడా మార్చాం. ట్యాబ్ ఎటు పోయింది అని ఇప్పుడు నేను అడగను, ముక్కు ఎటు పోద్ది అని అడుగుతాను, వాళ్లు ట్యాబ్ చూసి ఆలోచించుకుని జవాబు చెప్పాలి. బాబాయ్ మొదటి రోజు నాలుగుసార్లు తడుముకున్నాడు, ఇప్పుడు ఠకీమని చెప్తున్నాడు.

స్విచ్ ఇరుక్కుపోతే? ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న. వేలు తీసినా స్ప్రింగ్ వెనక్కి రాకపోవచ్చు, లేదా ఎక్కడో వైరు ఒరుసుకుని షార్ట్ అవ్వొచ్చు, అప్పుడు సర్వో ఆ చివరి దాకా పోయి ఆగుతుంది. నేను చేసిన ఏర్పాటు ఇది: ట్రిమ్‌కి విడిగా 1 ఆంప్ బ్రేకర్, చేత్తో లాగేసే రకం, ఎడమ చేతికి అందే చోట, ఎర్ర ఉంగరం పెయింటు వేసి. ఆ లైనులో ఇంకేదీ తగిలించలేదు, కాబట్టి అది లాగితే రేడియో పోదు, ఇంజినుకి ఏమీ కాదు. సర్వో నెమ్మదిగా కదులుతుంది, ఆ చివర నుంచి ఈ చివరకి రావడానికి మెల్లగా పది దాటి లెక్కపెట్టేంత సేపు, కాబట్టి ఏదో తేడా జరుగుతోందని తెలిసి చెయ్యి బ్రేకర్ మీదకి వెళ్లేలోపు మొత్తం దూరం పోదు. పోయినా, ముందు చెప్పిన 16 డిగ్రీలు అక్కడ పనికొస్తాయి. దానికి తోడు వేగం తగ్గించాలి. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, వేగం సగమైతే ట్యాబ్ బలం పావు వంతు అవుతుంది. కళ్లకి గంతలు కట్టుకుని బ్రేకర్ వెతికి లాగడం ఇరవైసార్లు చేశాను. మీరూ చేయండి, మీ విమానంలో అది ఎక్కడున్నా.

నిన్న సాయంత్రం ఈ చివర నుంచి ఆ చివరకి యాభైసార్లు నడిపించి చూశాం. పెద్దోడు సుద్దముక్కతో గోడ మీద గీతలు పెట్టాడు. వేడెక్కలేదు, ఎక్కడా పట్టలేదు, యాభై తర్వాత మళ్లీ వేళ్లతో ఆడిస్తే టిక్ లేదు. టేకాఫ్‌కి ట్రిమ్ ఉండాల్సిన చోటు తెలిసేలా ట్యాబ్ అంచు మీదా ఎలివేటర్ మీదా కలిపి మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో ఒక సన్న గీత గీశాను, తోక చుట్టూ తిరిగి చూసేటప్పుడు ఆ రెండు ముక్కలూ ఒకే వరసలో కనపడాలి. ఒక్కటి మిగిలింది. ఎలివేటర్ పూర్తిగా కిందికి దింపినప్పుడు వైరు లూపు లోపలి అడ్డపట్టీ (రిబ్) అంచుకి తగులుతోంది, ఇప్పుడు గీత కూడా పడలేదు కానీ వంద గంటలు ఎగిరితే తొడుగు కోసుకుపోతుంది. అక్కడ రబ్బరు ఉన్న ఒక క్లాంప్ పడాలి. అది వచ్చేదాకా తోక కింద మూత స్క్రూలు బిగించకుండా, డబ్బాలో వేసి సీటు మీదే పెట్టాను.